ఇంజనుకు పట్టిన దగ్గు

పోయిన వారం తెల్ల విమానాన్ని గడ్డి కోసిన చేలో, రెండు గడ్డివాముల మధ్య వదిలేసి వచ్చాం, గుర్తుందా? గాల్లో ఉండగా ఇంజను ఖళ్లు ఖళ్లున దగ్గి ఆగిపోతే, రేడియో అక్క తమ్ముడు దాన్ని నిద్రపోతున్న పసిపిల్లను పక్కమీద పడుకోబెట్టినంత మెత్తగా దించాడు. మనిషికి గీత పడలేదు. విమానానికి సొట్ట పడలేదు. చెడిందల్లా ఇంట్లోనే. ఆ సాయంత్రం అన్నాల దగ్గర, "స్పానరు పట్టిన ప్రతివాడూ మెకానిక్కేనా?" అన్నాడు తమ్ముడు. "నల్లకళ్లద్దాలు పెట్టిన ప్రతివాడూ పైలట్టేనా?" అన్నాడు ఆ విమానానికి మరమ్మతులు చేసే బావ. అంతే. కంచాలు ఎత్తేలోగా ఇద్దరి మధ్యా మాటలు తెగిపోయాయి.

ఆ ఇద్దరి మధ్యా పడి నలుగుతున్నది రేడియో అక్క. చిన్న విమానాల మైదానంలో, గాలిసంచి స్తంభం పక్కనున్న గదిలో మైకు ముందు కూర్చుని, ఎగిరేవాళ్లకీ దిగేవాళ్లకీ గాలి ఎటు వీస్తోందో చెప్పడం ఆమె ఉద్యోగం. ఇంట్లో గాలి ఎటు వీస్తోందో మాత్రం ఆమెకి అంతుపట్టడం లేదు. పైలట్ తోడబుట్టినవాడు. మెకానిక్ కట్టుకున్నవాడు. అందరూ ఉండేది ఒకే కప్పు కింద. "అక్కా, ఆ ఉప్పు ఇటు పంపమను" అని ఒకడంటే, "అందుకోమను, దానికేం లైసెన్సు అక్కర్లేదు" అని ఇంకొకడు.

ఆ లైసెన్సులకే ఇప్పుడు ముప్పొచ్చిపడింది. మధ్యాహ్నం తనిఖీ అధికారి వస్తున్నాడు. ఇంజనులో లోపం తేలితే మెకానిక్ లైసెన్సు పోతుంది. ఇంజను భేషుగ్గా ఉందని తేలితే, నడిపినవాడి తప్పని పైలట్ లైసెన్సు పోతుంది. కుడికన్ను పొడుచుకుంటావా, ఎడమకన్ను పొడుచుకుంటావా అన్నట్టుంది రేడియో అక్క పరిస్థితి. మూడో దారేదైనా దొరక్కపోతుందా అని పొద్దున్నే ఇద్దర్నీ, చేలోంచి లాక్కొచ్చి పెట్టిన తెల్ల విమానం ఉన్న షెడ్డులోకి తోలుకొచ్చింది.

ఇంజను జబ్బు పట్టుకోవాలంటే ఒకడు లోపల సీట్లో కూర్చోవాలి, ఒకడు బయట ముక్కు దగ్గర నిలబడాలి. లోపలివాడు మీటలు కదపాలి, బయటివాడు చెవి ఒగ్గి వినాలి. ఇద్దరూ ఒకరితో ఒకరు చెప్పుకోవాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఎడమ మాగ్నెటో మీద పెట్టమను మీ తమ్ముణ్ణి" అన్నాడు భర్త, విమానం ముక్కు మూత తెరిచి, తల లోపలికి పెట్టి.

నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు ఇంజనుకి రెండుంటాయి. ఒకటి మొరాయిస్తే రెండోది గట్టెక్కిస్తుంది. తాళంచెవి తిప్పి ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించాలి. రేడియో అక్క కిటికీ దగ్గరికి పరుగెత్తి ఆ మాట చేరవేసింది.

"పెట్టానని చెప్పు. ఆయన సైకిలు చెయిను ఎక్కించడం నేర్చుకునేనాటికే నేను పెట్టడం నేర్చుకున్నానని కూడా చెప్పు" అన్నాడు తమ్ముడు.

"పెట్టాడండీ!" అని అరిచింది ఆమె.

"చప్పుడు కాస్త తగ్గింది. అంత తగ్గడం మామూలే. ఇప్పుడు కుడిది. కుడి అంటే అన్నం తినే చెయ్యి అని విప్పి చెప్పు, పాపం."

"కుడిదిరా!"

ఆ విద్య ఆమెకి నాలుగు రోజుల్లోనే పట్టుబడింది. చేపలో ముళ్లు ఏరినట్టు మాటల్లోంచి తిట్లు ఏరేసి, మిగిలిన మెత్తటి ముక్కని అవతలివాడికి అందించడం. ఇటువైపు ముళ్లూ అటువైపు ముళ్లూ ఆమె గొంతులోనే గుచ్చుకుని ఉండిపోయేవి. ఇంజను హోరులో అటూ ఇటూ పరుగెత్తి పరుగెత్తి ఆమె జుట్టుముడి ఊడిపోయింది. ప్రొపెల్లర్ గాలికి పమిట కాదు కదా, కనుబొమలు కూడా చోటు తప్పుతాయేమో అనిపించింది.

కుడి మాగ్నెటో కూడా బాగానే ఉంది. ప్లగ్గులు విప్పి చూస్తే కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ట్యాంకు అడుగునుంచి కాస్త పెట్రోలు గాజుగొట్టంలోకి పట్టి ఎండకి ఎత్తి చూశాడు భర్త. నీటిచుక్క లేదు, నలుసు లేదు. కార్బురేటరులో మంచు పట్టకుండా వేడిగాలి పంపే మీట లాగి చూశారు. అదీ చెప్పినట్టు వింది. అంతలో షెడ్డులో దీపం ఠక్కున ఆరిపోయింది. ఇంజను లోపల చెయ్యి పెట్టుకున్న భర్త "అబ్బా!" అన్నాడు.

"పట్టపగలు లైటెందుకు బాబూ, దండగ!" అంది తలుపు పక్కన కుర్చీలో కూర్చున్న అమ్మ. రేడియో అక్కకీ తమ్ముడికీ కన్నతల్లి, మెకానిక్కి అత్తగారు. ఇంట్లో తోచక రోజూ వాళ్లతోపాటు మైదానానికి వస్తుంది. వచ్చి, తిరుగుతున్న ఫ్యాన్లూ వెలుగుతున్న దీపాలూ కారుతున్న కుళాయిలూ ఎక్కడున్నాయో వెతికి వెతికి కట్టేస్తుంది. వృథా అన్న మాట వింటే ఆవిడకి ఒంటిమీద తేళ్లు జెర్రులు పాకినట్టుంటుంది.

"అత్తయ్యగారూ, లోపల చీకటండీ."

"కాస్త కళ్లు పెద్దవి చేసుకుని చూడండి. కళ్లకి కరెంటు అక్కర్లేదుగా."

రేడియో అక్క దీపం వేసొచ్చింది. భర్త నుదుటిమీది మసి తుడుచుకుంటూ, "ఆ రోజు ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పమను. దిగాక ఏం చేశాడో అదీ చెప్పమను" అన్నాడు.

తమ్ముడు కాలుమీద కాలు వేసుకుని, విమానం కిటికీలోంచి తాపీగా చెప్పుకొచ్చాడు. "చాలాసేపు నిక్షేపంగా ఎగిరిందక్కా. ఉన్నట్టుండి దగ్గు మొదలెట్టింది, నీ మొగుడు పొద్దున్నే పుక్కిలించినట్టు. వేడిగాలి మీట లాగాను, మాగ్నెటో మార్చాను. లాభంలేదు. ఆగింది. దించాను. పెట్రోలు అయిపోయిందేమోనని రెక్క మీదికెక్కి ట్యాంకు మూత తిప్పానో లేదో, బుస్సుమంది. నీ మొగుడి బుర్రలాగే లోపల గాలి తప్ప ఏమీ లేదనుకున్నా. పుల్ల పెట్టి చూస్తే సగానికి పైగా పెట్రోలుంది. మూత పెట్టి స్టార్టు చేస్తే, ఏమీ ఎరగని నంగనాచిలా స్టార్టయి కూచుంది, అచ్చం నీ మొగుడిలాగే."

రేడియో అక్క ముక్కు దగ్గరికి నడిచేలోగా ముళ్లన్నీ ఏరేసింది.

"బాగానే ఎగిరిందిట. దగ్గిందిట. మీటలు లాగినా వినక ఆగిపోయిందిట. దిగాక చూస్తే పెట్రోలు సగానికి పైగా ఉందిట. మళ్లీ మామూలుగానే స్టార్టయిందిట."

"అంతేనా?"

"అంతేనండీ."

భర్త గడ్డం గోక్కున్నాడు. పెట్రోలుంది, నిప్పుంది, గాలుంది. ఇంకేం కావాలి ఈ మహాతల్లికి అన్నట్టు ఇంజను వంక చూశాడు. మళ్లీ స్టార్టు చేయిస్తే అది మాత్రం అత్తారింటికి మొదటిసారి వచ్చిన కోడలిలా బుద్ధిగా గిర్రున తిరుగుతోంది.

మధ్యాహ్నం అధికారి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మహా మర్యాదస్తుడు. తలుపుకి తగిలినా "క్షమించండి" అనే రకం. ఆయన స్వయంగా సీట్లో కూర్చుని ఇంజను తిప్పి, ఆపి, మళ్లీ తిప్పి, చెయ్యి చెవి వెనక పెట్టుకుని విని, కిందికి దిగాడు.

"అమ్మా, మన్నించాలి. ఇంజను చాలా ఆరోగ్యంగా ఉంది" అన్నాడు, చావుకబురు చెబుతున్నంత మృదువుగా. "మరి ఇంజను బాగున్నప్పుడు, నడిపినవారి సంగతి చూడాలి కదా. వేరే విమానం ఏదైనా ఉంటే, వారు ఎలా నడుపుతారో పక్కన కూర్చుని ఓసారి చూస్తాను."

పళ్ల డాక్టరుగారి ఎర్ర విమానం షెడ్డు ముందే ఉంది. ఫోన్ చేస్తే ఆయన, "తీసుకెళ్లండి, తీసుకెళ్లండి, నా నోట్లో ఒకాయన నోరుంది" అని, అది తప్పని దిద్దుకునేలోపే ఫోన్ పెట్టేశాడు. తమ్ముడు ముఖం గంటు పెట్టుకుని ఎర్ర విమానం చుట్టూ తిరిగి చూసుకున్నాడు. అధికారి కూడా వెనకాలే వంగి వంగి చూశాడు. ఎక్కబోతూ తమ్ముడు ఆగి, "అక్కా, మీ ఆయన గెలిచాడు. నా తరఫున అభినందనలు చెప్పు" అన్నాడు.

ఆ ముల్లుని కూడా ఆమె మింగేసింది.

ఎర్ర విమానం రన్‌వే మీద పరుగెత్తి, చెట్ల పైనుంచి లేచి, చూస్తుండగానే జామకాయంత అయింది. రేడియో అక్క షెడ్డులోకి తిరిగొచ్చేసరికి భర్త పనిముట్ల పెట్టెమీద కూలబడి ఉన్నాడు. గెలిచినవాడి ముఖం కాదది.

"వాడు తప్పు చెయ్యలేదు" అన్నాడు.

"ఎవరు?"

"ఇంకెవడు, నీ తమ్ముడు. ఆగిపోయిన ఇంజనుతో రెండు గడ్డివాముల మధ్య దించినవాడికి ఓ మీట లాగడం గుర్తుండదా? వాడికి పొగరుంటే ఉంది గానీ, పని మాత్రం వచ్చు."

రేడియో అక్కకి ఒళ్లు మండింది. "ఆ ముక్క ఆ పెద్దమనిషి ముందు అనొచ్చుగా!"

"అప్పుడు నా పని తప్పనేగా అర్థం. నా పనీ తప్పు కాదు. ఇంజను బాగుంది, మనిషీ బాగున్నాడు. మరి విమానం ఎందుకు పడిందే?" అని తల పట్టుకున్నాడు. కాసేపటికి తలెత్తి, "నువ్వు పొద్దున వాడు చెప్పిందంతా చెప్పావా?" అని అడిగాడు.

ఆమె పమిట కొంగు వేలికి చుట్టుకుంది. "చెప్పానండీ. తిట్లు తప్ప."

"తిట్లున్నాయా?"

"ఎందుకుండవు?"

"చెప్పు."

"నేను చెప్పను. నా నోటితో మిమ్మల్ని—"

"డాక్టరు దగ్గర సిగ్గుపడితే రోగం తగ్గుతుందా? ఒక్కటీ వదలకుండా చెప్పు."

ఆమె కళ్లు మూసుకుని, పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. సైకిలు చెయిను అయింది. పుక్కిలింత అయింది. భర్త ఒక్కోదానికీ తలూపుతూ, "ఊఁ... ఇది పనికిరాదు... ఇదీ పనికిరాదు... పుక్కిలింత బాగుంది, కానీ పనికిరాదు..." అంటూ వింటున్నాడు.

"ట్యాంకు మూత తిప్పగానే బుస్సుమందిట. మీ బుర్రలాగే లోపల గాలి తప్ప—"

భర్త ఒక్క ఉదుటున లేచాడు. విమానం రెక్క నెత్తికి ఠంగుమని తగిలింది. లెక్కచెయ్యలేదు.

"మళ్లీ చెప్పు!"

"మీ బుర్రలాగే—"

"బుర్ర కాదే, దానికి ముందు!"

"మూత తిప్పగానే బుస్సుమంది."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇది తిట్టటే? ఇదేగా రోగం!"

ఆమె తెల్లబోయి చూస్తుంటే ఆయన గబగబా చెప్పాడు. "నూనెడబ్బాకి ఒకటే కంత పెట్టి వంపితే ఏమవుతుంది? కాస్త వచ్చి ఆగిపోతుంది. లోపలికి గాలి పోవడానికి రెండో కంత ఉండాలి. ట్యాంకూ అంతే. పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ పైనుంచి గాలి వెళ్లాలి. ఆ గాలిగొట్టం మూసుకుపోతే ఇంజను కాసేపు తాగి, ఇంక అందక దగ్గి చస్తుంది. నీ తమ్ముడు మూత తియ్యగానే గాలి బుస్సుమని లోపలికి పోయింది. అందుకే మళ్లీ స్టార్టయింది. అందుకే ఇక్కడ కాసేపు తిప్పితే ఏమీ తెలియడం లేదు!"

ఎడమ రెక్క కిందికి ఇద్దరూ దూరారు. రెక్కని పట్టి నిలిపే కమ్మీ వెనకాల, కిందికి వంగి వేలెడు గొట్టం ఉంది. చివర నల్లటి కంత. ఆయన అందులో చిటికెనవేలు పెట్టబోతే వేలు పోలేదు. కంత కాదది, కంతకి అతికినట్టు సరిపోయిన నల్లటి రబ్బరు బిరడా.

"ఎగిరేముందు ప్రతిసారీ చూడాల్సిన గొట్టం ఇది. వాడు చూశాడు, నేనూ చూశాను. నల్లగా కనిపిస్తే కంతే అనుకున్నాం ఇద్దరు గుడ్డివాళ్లం." పట్టకారుతో పట్టి లాగితే టప్పుమని ఊడొచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని, ముఖం చిట్లించాడు. "పెట్రోలు వాసన కాదు. ఏదో మందు వాసన."

"అయ్యయ్యో, తీసేశారా బాబూ!" తలుపు దగ్గర్నుంచి అమ్మ లేచొచ్చింది. "మళ్లీ కారుతుంది!"

భర్త బిరడా వంకా అత్తగారి వంకా మార్చి మార్చి చూశాడు.

"అమ్మా," అంది రేడియో అక్క, ఒక్కో అక్షరమూ విడదీసి, "ఇది నువ్వు పెట్టావా?"

"ఇంకెవరు పెడతారు, మీకెవరికైనా ఆ శ్రద్ధ ఉంటేగా! ట్యాంకు నిండా పోసి ఎండలో నిలబెడతారు. ఆ గొట్టంలోంచి చుక్క, చుక్క, చుక్క. కళ్లముందు అలా కారిపోతుంటే ఎలా చూస్తూ ఊరుకోను? నా దగ్గుమందు సీసా బిరడా కొలిచి కుట్టించినట్టు సరిపోయింది."

"ఎండకి పెట్రోలు పొంగి రెండు చుక్కలు కారతాయి అత్తయ్యగారూ! కారాలి! దాంట్లోంచే లోపలికి గాలి పోవాలి. నూనెడబ్బాకి—"

"నూనెడబ్బాకి రెండు కంతలు పెట్టాలని నాకు చెబుతున్నారా? ఇంట్లో డబ్బాకి పెట్టేది ఎవరనుకున్నారు?"

"మరి ఇది?"

"ఇది విమానమన్నారు గానీ, డబ్బా అని నాతో ఎవరైనా చెప్పారా?"

ముందు భర్త భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. దగ్గుమందు బిరడా పెడితే ఇంజనుకి దగ్గు పట్టిందన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది కాబోలు, రేడియో అక్క రెక్కని పట్టుకుని, భర్త ఆమె భుజం పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఇన్నాళ్లూ గుండెలమీద కూర్చున్న బండ దిగిపోయింది. ఏ కన్నూ పొడుచుకోనక్కర్లేదు. తమ్ముడు దిగగానే బిరడా చేతిలో పెట్టి ఇద్దరి చేతులూ కలిపేస్తే సరి.

అమ్మకి ఆ నవ్వు నచ్చలేదు. "నవ్వండి, నవ్వండి. మంచికి పోతే చెడు ఎదురవుతుందని ఊరికే అన్నారా! పైవాళ్లకైతే విలువ తెలుస్తుంది. ఆ పళ్ల డాక్టరు నన్ను చూసి ఇలాగే నవ్వుతాడా? పాపం, నా పన్ను నొప్పి తెలియకుండా పీకాడు. అందుకే నిన్న సాయంత్రం ఆయన ఎర్రదానికి కూడా పెట్టొచ్చాను."

నవ్వు కత్తితో కోసినట్టు తెగింది.

ముందు పరుగు తీసింది రేడియో అక్క. వెనక భర్త. ఆయన వెనక, చెప్పులు టపటపలాడించుకుంటూ, "ఏమైందే? ఏమైందీ?" అంటూ అమ్మ. రేడియో గది తలుపు తోసుకుని లోపలికి పడుతూనే ఆమె కిటికీలోంచి పైకి చూసింది. ఎర్ర విమానం దూరంగా కొండ అంచున, తీరిగ్గా మలుపు తిరుగుతోంది.

"కంగారు పడకు" అన్నాడు భర్త, తనే ఒగరుస్తూ. "దానికి రెక్కకో ట్యాంకు. దేని గాలిగొట్టం దానిదే. ఒకదాంట్లోంచి తాగుతూ ఉంటుంది, మీట తిప్పితే రెండోదాంట్లోంచి తాగుతుంది. బిరడా లేనివైపు తిప్పుకోమంటే చాలు. అత్తయ్యగారూ! ఏ రెక్కకి పెట్టారు?"

"ఎడమదానికి."

"విమానంలో కూర్చుంటే ఎడమా? ఎదురుగా నిలబడితే ఎడమా?"

"నా ఎడమ."

"మీరు ఎటు తిరిగి నిలబడ్డారు?"

"గొట్టం వైపు."

భర్త గోడకి చేరగిలబడ్డాడు. రేడియో అక్క వెళ్లి తల్లి రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, బాగా గుర్తు చేసుకో. ఒకవైపే పెట్టావా, రెండువైపులా పెట్టావా?"

"ఆ దిక్కుమాలిన రెక్కలు కిందికి ఉన్నాయే. వంగేసరికి నడుం పట్టేసింది. ఒకటి పెట్టి ఇంటికెళ్దామనుకున్నా..." అమ్మ కళ్లు చిన్నవి చేసింది. "మరి తెల్లదానికి పెట్టాక కొన్న మందుసీసాలు రెండూ కూడా మూతల్లేకుండా ఉన్నాయి పొద్దున..."

రేడియో చిటపటలాడింది. "అక్కా, ఇంకో చుట్టు కొట్టి వస్తాం. గాలి ఎటుంది?" తమ్ముడి గొంతు, ఏమీ ఎరగని గొంతు.

ఆమె మైకు అందుకుంది. మీట నొక్కింది. ఎందరికో ఎన్నోసార్లు గాలి సంగతి చెప్పిన గొంతు అప్పుడే పూడుకుపోయింది. భర్త ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నాడు. గొంతు సవరించుకుని, ఆ మాటలు తెగిన సాయంత్రం తర్వాత మొదటిసారి బావమరిదితో నేరుగా మాట్లాడాడు.

"ఒరేయ్, నేనురా. బావని. అన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు నేను చెప్పేది జాగ్రత్తగా విను."

చిటపటలు తప్ప ఏమీ వినిపించలేదు. చివరికి వినిపించింది తమ్ముడి గొంతు కాదు. సన్నటి, మహా మర్యాదైన గొంతు.

"క్షమించాలి. వారు మీతో మాట్లాడరట. ఏం చెప్పదలచుకున్నారో నాతో చెప్పమంటున్నారు." ఒక్క క్షణం ఆగి ఆ గొంతే మళ్లీ అంది, ఇంకాస్త సన్నగా: "కొంచెం త్వరగా చెబితే బాగుంటుందేమో. ఇంజను ఇప్పుడే ఓసారి దగ్గింది."